సాగర్ రన్‌వే మీదికి విమానం ఎవరి కోసం రావాలి?



పల్నాడు జిల్లాలో విమానాశ్రయం ఎక్కడుందని ఎవరైనా అడిగితే, మనలో చాలామంది లేదనే చెబుతాం. కానీ రన్‌వే మాత్రం ఉంది. మాచర్ల మండలం విజయపురి సౌత్‌లో, నాగార్జునసాగర్ డ్యామ్‌కి కుడిగట్టున ఉంది. మనవాళ్లు రైట్ బ్యాంక్ అంటారే, ఆ ఊరే. నాగార్జునకొండకు లాంచీ ఎక్కేది కూడా అక్కడే. ఆ ఎయిర్‌స్ట్రిప్ ప్రాజెక్టుతో పాటు వచ్చింది. మొదట పెద్దవాళ్లు దిగడానికి పనికొచ్చింది, తర్వాత విమానం నడపడం నేర్చుకునే పిల్లలకు పనికొచ్చింది. మనలాంటివాళ్లు టికెట్టు కొనుక్కుని ఎక్కే విమానం, రోజూ ఒక టైముకి వచ్చి ఒక టైముకి పోయే విమానం, ఇవాళ్టికీ దాని మీదికి రావడం లేదు.

ఇప్పుడు ఆ రన్‌వే పేరు మళ్లీ వినబడుతోంది. రాష్ట్ర ప్రభుత్వం విమానాశ్రయాలు పెట్టాలనుకుంటున్న చోట్లలో కుప్పం, దగదర్తి, శ్రీకాకుళం, తాడేపల్లిగూడెం, తుని–అన్నవరం, ఒంగోలుతో పాటు నాగార్జునసాగర్ కూడా ఉంది. ఆ మాట పేపర్లో పడగానే ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల ఎకరం ధర మారుతుంది. అన్ని వసతులతో వెంచర్ అంటూ ఫ్లెక్సీ లేస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నేను విమానాశ్రయం వద్దనేవాణ్ణి కాదు. మాచర్ల, గురజాల వైపు ఏదైనా వస్తుందంటే సంతోషించేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కాకపోతే ఒక సంగతి మాత్రం ముందే మాట్లాడుకోవాలి. విమానాశ్రయం కట్టడం డబ్బుతో అయ్యే పని. విమానాన్ని రప్పించడం, వచ్చినదాన్ని నిలబెట్టుకోవడం డబ్బుతో మాత్రమే అయ్యే పని కాదు. మన రాష్ట్రంలోనే దానికి కావలసినన్ని సాక్ష్యాలు ఉన్నాయి.

ముందు సాగర్ సంగతి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు డ్యామ్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలవలకు నీళ్లు వదిలారు. మధ్యలో ఆ పన్నెండేళ్లూ దేశం చూపు ఈ లోయ మీదే ఉంది. ఒకపక్క రాతితో కట్టే ఆనకట్టల్లో అంత పెద్దది మరొకటి లేదని చెప్పుకునేవాళ్లు. ఇంకోపక్క నాగార్జునకొండ లోయ మునిగిపోయేలోగా తవ్వి తీయాలని పురావస్తు శాఖవాళ్లు 1954 నుంచి 1960 దాకా పగలూ రాత్రీ అన్నట్టు పనిచేశారు. 1956లో దలైలామా అక్కడికి వచ్చారు. ఇంజనీర్లు, మంత్రులు, విదేశీ అతిథులు, అందరూ వచ్చే చోటు. అప్పటి రోడ్ల మీద అంతమందిని తీసుకురావడం కంటే ఒక రన్‌వే వేసుకోవడం సుఖం. అంటే ఆ రన్‌వే వేసినప్పుడు దానికి ఒక పని ఉంది, వచ్చే మనుషులున్నారు. డ్యామ్ పూర్తయ్యాక పనీ అయిపోయింది, మనుషులూ తగ్గారు. రన్‌వే మిగిలింది.

ఇక లెక్కలోకి వద్దాం. రేడియోలో లెక్కలు చెబితే ఎవరు వింటారనుకోకండి, ఇది చిన్న లెక్కే. మనలాంటి ఊళ్లకు వచ్చేది సాధారణంగా ఏటీఆర్ విమానం. రెక్కలకు ఫ్యాన్లు తిరుగుతుంటాయి చూడండి, అదే. ఇండిగోవాళ్లు నడిపే ఏటీఆర్‌లో 78 సీట్లు. రోజుకు ఒక్కటే సర్వీసు అనుకుందాం. వచ్చేటప్పుడు 78, పోయేటప్పుడు 78, రోజుకు 156 సీట్లు. ఏడాదికి దాదాపు 57 వేలు. అన్నీ నిండకపోయినా పదింట ఏడైనా నిండాలి కదా. అంటే ఏటా సుమారు 40 వేల టికెట్లు తెగాలి. ఇది ఒకే ఒక్క విమానానికి. రెండు సర్వీసులైతే 80 వేలు.

మాచర్ల సెంటర్లో షేర్ ఆటో నిండేదాకా కదలదు. డ్రైవరు బయట నిలబడి కేకలేస్తాడు, ఇద్దరు తక్కువైతే పది నిమిషాలు ఆగుతాడు, ఒకరు ఎక్కువైతే పక్కన కూర్చోబెట్టుకుంటాడు. విమానానికి ఆ వెసులుబాటు లేదు. నలుగురున్నా టైముకి ఎగరాలి. ఎగిరితే ఇంధనం, పైలట్ల జీతాలు, విమానం అద్దె, దిగిన చోట కట్టే రుసుం, అన్నీ పూర్తిగా పడతాయి. దూరం తక్కువైతే ఇంకో చిక్కు. విమానం పైకి ఎక్కేటప్పుడే ఎక్కువ ఇంధనం తాగుతుంది. పైకి ఎక్కీ ఎక్కగానే దిగాల్సిన దూరాలకు కిలోమీటరు ఖర్చు బాగా ఎక్కువవుతుంది.

సరే, ఆ 40 వేల టికెట్లు ఎవరు కొంటారు? మన ఊళ్లలో విమానం ఎక్కేవాళ్లు లేరా అంటే, ఎందుకు లేరు, బోలెడంతమంది ఉన్నారు. నరసరావుపేటలో ఏ వీధిలోనైనా అడగండి, అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో లేని ఇల్లు వెతకాలి. కానీ వాళ్లు ఎలా వెళతారో చూడండి. ప్రయాణం ముందు రోజు రాత్రే ఇంట్లో వేయింగ్ మిషన్ మీద సూట్‌కేసులు ఎక్కుతాయి. ఒక్కోటి 23 కిలోలు దాటకూడదు. ఆవకాయ డబ్బాకి నాలుగు వరసలు ప్లాస్టిక్ కవరు, దాని మీద టేపు. కారం, కందిపొడి, సున్నుండలు. ఒక కిలో ఎక్కువైతే అమ్మ బట్టలు తీసేయమంటుంది, కొడుకు పొడులు తీసేయమంటాడు. మర్నాడు రెండు ఇన్నోవాలు. అమ్మా నాన్నా, మేనమామ, బాబాయిలు, అత్తయ్యలు, పక్కింటి ఆవిడ కూడా. పిడుగురాళ్ల, దాచేపల్లి మీదుగా వాడపల్లి వంతెన దాటి, మిర్యాలగూడ మీదుగా శంషాబాద్. దారిలో ఎక్కడో ఆగి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర. ఆ కుర్రాడికి సాగర్ నుంచి శంషాబాద్‌కి విమానం పెట్టారనుకోండి. ఎక్కుతాడా? దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా 15 కిలోల దాకానే లగేజీ ఉచితం. పైగా ఆ రెండు ఇన్నోవాల జనం సంగతేంటి? వాళ్లు శంషాబాద్ దాకా వెళ్లి చెయ్యి ఊపాల్సిందే. ఆ ప్రయాణంలో సగం వాళ్లది.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే పిల్లల సంగతి ఇంకోటి. శుక్రవారం రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇంట్లో ఉంటారు. ఆదివారం రాత్రి ఎక్కితే సోమవారం ఆఫీసులో ఉంటారు. నిద్రపోయే టైమే ప్రయాణానికి పోతుంది, పగలు మిగులుతుంది. విమానం అయితే గచ్చిబౌలి నుంచి శంషాబాద్, గంట ముందు చేరడం, ఎగరడం, సాగర్‌లో దిగడం, అక్కడి నుంచి మాచర్లకో గురజాలకో మళ్లీ కారు. హైదరాబాదు నుంచి సాగర్‌కి రోడ్డు మీద దాదాపు 150 కిలోమీటర్లు, మూడు గంటల దారి. విమానం వల్ల వాళ్లకు మిగిలేదేమీ లేదు.

ఇక నరసరావుపేటవాళ్లకి, చిలకలూరిపేటవాళ్లకి సాగర్ ఒక మూల. వాళ్లకు గన్నవరం సుమారు వంద కిలోమీటర్లు. అక్కడ పొద్దున లేస్తే ఢిల్లీ, ముంబయి, బెంగళూరు విమానాలున్నాయి. అమరావతి కోసం ఇంకో పెద్ద విమానాశ్రయం గురించి కూడా ప్రభుత్వం ఆలోచిస్తోంది. జిల్లాలో సగం జనం మొహం తూర్పుకి ఉంటే, రన్‌వే పడమటి అంచున ఉంది. ఇదీ అసలు ఇబ్బంది.

సరుకైనా ఎగుమతి చేద్దామంటారు కొందరు. మంచి ఆలోచనే. కానీ మన సరుకేమిటి? మిరప, పత్తి, పిడుగురాళ్ల సున్నం, సిమెంటు, మాచర్ల దాచేపల్లి నాపరాయి. ఎండుమిర్చి పాడయ్యే సరుకు కాదు. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉంటుంది, ధర చూసుకుని గుంటూరు యార్డుకి కదులుతుంది, ఓడెక్కి దేశాలు దాటుతుంది. విమానంలో పంపాల్సినవి పూలు, చేపలు, మందులు, ఎలక్ట్రానిక్ వస్తువులు, అంటే ఆలస్యమైతే పోయేవి, లేదా తక్కువ బరువుకి ఎక్కువ డబ్బు పలికేవి. పల్నాడు పండించేదీ తవ్వేదీ ఏదీ విమానమెక్కే సరుకు కాదు. దానికి రైలు కావాలి. నడికుడి నుంచి శ్రీకాళహస్తి దాకా 309 కిలోమీటర్ల రైలు మార్గం మంజూరైంది 2011–12లో. పిడుగురాళ్ల నుంచి శావల్యాపురం ముక్క పూర్తయింది. మార్గం మొత్తం ఎప్పుడు పూర్తవుతుందని అడిగే గొంతులు విమానాశ్రయం అడిగే గొంతులంత గట్టిగా వినబడవు, ఎందుకో.

ఇప్పుడు పక్క జిల్లాల అనుభవం చూద్దాం.

2016 అక్టోబరులో కేంద్రం ఉడాన్ పథకం మొదలుపెట్టింది. అప్పుడు పౌర విమానయాన మంత్రి మన అశోక్ గజపతిరాజు గారు. పథకం ఆలోచన బాగుంది. చిన్న ఊళ్లకు విమానం నడిపే కంపెనీకి సగం సీట్లు తక్కువ ధరకు అమ్మమని చెబుతారు, గంట ప్రయాణానికి 2,500 రూపాయలని మొదట్లో పెట్టారు. దానివల్ల వచ్చే లోటును మూడేళ్లపాటు ప్రభుత్వం భరిస్తుంది. కేంద్రం వాటా నూటికి 80, రాష్ట్రం వాటా 20. ఆ మూడేళ్లూ ఆ దారిలో ఇంకో కంపెనీని రానివ్వరు. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో పచ్చజెండా ఊపిన రోజునే కడప–హైదరాబాద్ విమానం కూడా ఉడాన్ కింద మొదలైంది. అలా చూస్తే ఈ పథకంలో మొట్టమొదటి ఊళ్లలో మన రాయలసీమ ఊరు ఒకటి.

కడప కథ వింటే విమానాశ్రయం బతుకు ఎలా ఉంటుందో తెలుస్తుంది. పాతదే, మళ్లీ బాగుచేసి 2015 జూన్‌లో తెరిచారు. బెంగళూరు నుంచి ఎయిర్ పెగాసస్ వచ్చింది. ఏడాది తిరగ్గానే ఆ కంపెనీయే మూతపడింది. తర్వాత ట్రూజెట్ వచ్చింది. కొన్నేళ్లు నడిచింది, అదీ ఆగిపోయింది. 2022 మార్చిలో ఇండిగో వచ్చింది. ఊరికే రాలేదు, లోటు పూడ్చడానికి రాష్ట్ర ప్రభుత్వం డబ్బు కడతామని ఒప్పందం రాసుకుంటేనే వచ్చింది. కడప చిన్న ఊరేమీ కాదు. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, మూడూ దానికి దూరమే. అయినా ఆ పాట్లు.

కర్నూలు ఇంకో రకం. ఓర్వకల్లు దగ్గర సుమారు వెయ్యి ఎకరాల్లో కట్టారు. ప్రారంభోత్సవాలు రెండు జరిగాయి. 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి, 2021 మార్చి 25న ఇంకో ముఖ్యమంత్రి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 2021 మార్చి 28న బెంగళూరు, చెన్నై, విశాఖపట్నానికి ఇండిగో విమానాలు మొదలయ్యాయి. మొదట్లో బాగానే ఎక్కారు. తర్వాత ఒకటొకటిగా తగ్గుతూ, ఆగుతూ వచ్చాయి. 2025 జూలైలో విజయవాడకు వారానికి మూడు రోజుల సర్వీసు పెట్టారు. వారానికి మూడు రోజులంటే, వెళ్లినవాడు పని అయిన రోజు కాక విమానం ఉన్న రోజు వెనక్కి రావాలి. ఒక్కసారి అలా ఇరుక్కున్నవాడు రెండోసారి రైలే చూసుకుంటాడు.

ఇవి మన రాష్ట్రం కథలే అనుకోకండి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఉడాన్ మీద ఇచ్చిన నివేదికలో అంకెలు ఇలా ఉన్నాయి. మొదటి మూడు విడతల్లో 774 దారులు కేటాయించారు. అందులో విమానం అసలు ఎగిరినవి 371. మూడేళ్లూ పూర్తి చేసినవి 112. ప్రభుత్వ సాయం ఆగిన తర్వాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. మళ్లీ చెబుతున్నాను. 774లో 54. పథకం పనికిరానిదని నేననను, ఆ 54లో కొన్ని ఊళ్లకు విమానం నిజంగా బతుకు మార్చింది. కానీ మంత్రి మనవాడైనా, ముఖ్యమంత్రి మనవాడైనా, నాలుగో ఏడు టికెట్టు కొనేది మాత్రం జనమే.

విమానాలు లాభనష్టాల కంటే ముందు ధైర్యం మీద నడిచిన రోజులు కూడా ఉన్నాయి లెండి. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్–విజయవాడ సర్వీసు మొదలుపెట్టింది. తొలి విమానం, లోపల వెంకయ్యనాయుడు గారు, అప్పటి కేంద్ర మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ. బేగంపేటలో బయలుదేరుతుంటే ఇంజను దగ్గర మంటలొచ్చాయి. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. కొత్త కంపెనీకి అంతకంటే చెడ్డ ఆరంభం ఉండదు. అయినా విజయవాడ దారి ఎండిపోలేదు. ఎందుకంటే అక్కడ వ్యాపారం ఉంది, ఎక్కాల్సినవాళ్లు ఉన్నారు. మంటలొచ్చినా జనం ఉన్న దారి బతికింది. జనం లేని దారిలో విమానం పూలదండలతో వచ్చినా నిలవదు.

మరి చిన్న ఊళ్లలో నిలిచినవి లేవా? ఉన్నాయి. షిర్డీ చూడండి. 2017 అక్టోబరు 1న తెరిచారు. షిర్డీ ఎంత ఊరు? నరసరావుపేటలో సగం ఉండదు. కానీ విమానాలు నిండుతున్నాయి, నింపేవాళ్లలో మన తెలుగువాళ్లు ఎంతమందో మీకు తెలుసు. అక్కడ ఊరివాళ్లు బయటికి పోవడానికి విమానం కాదు, బయటివాళ్లు ఊళ్లోకి రావడానికి విమానం. పుట్టపర్తి కూడా అంతే. 1990లో రన్‌వే వచ్చింది, బాబా ఉన్నన్నాళ్లు దేశదేశాల నుంచి భక్తులొచ్చారు. 2011 తర్వాత ఆ రాకపోకలు తగ్గాయి, రోజువారీ విమానాలు నిలవలేదు. రన్‌వే అదే, టెర్మినల్ అదే.

పల్నాడు గురించి నేను అనుకునేది ఇదే. మనది మనుషులు బయటికి వెళ్లే ప్రాంతం. చదువుకి గుంటూరు, ఉద్యోగానికి హైదరాబాదు, పైచదువుకి అమెరికా. వెళ్లేవాళ్లతో ఒకవైపు సీట్లు నిండుతాయి, అది కూడా సంక్రాంతి తర్వాత వారం. రెండువైపులా నిండాలంటే బయటివాళ్లు రావాలి. వాళ్లు రావడానికి మన దగ్గర ఒక్క పెద్ద కారణం ఉంది. అది నాగార్జునకొండ.

ఆ పేరుకి శ్రీలంకలో, జపాన్‌లో, థాయ్‌లాండ్‌లో, టిబెటన్లలో ఉన్న గౌరవం మనకు పూర్తిగా తెలియదనిపిస్తుంది. ఆచార్య నాగార్జునుడి పేరు మీద ఉన్న కొండ. ఇక్ష్వాకుల విజయపురి. అదే కృష్ణ ఒడ్డున దిగువన అమరావతి స్తూపం, అదీ మన జిల్లాలోదే. సాగర్‌కి అవతలి ఒడ్డున తెలంగాణ ప్రభుత్వం 2022 మేలో బుద్ధవనం తెరిచింది. ఇవన్నీ కలిపి చూస్తే వారం రోజుల యాత్ర అవుతుంది. కాగితం మీద.

విజయపురి సౌత్‌లో లాంచీ దగ్గరికి వెళ్లి చూడండి. జనం తక్కువైతే లాంచీ కోసం కాసుక్కూర్చోవాలి. కొండ మీద మ్యూజియం చూసి, తిరిగి లాంచీ ఎక్కి ఇవతలికి వచ్చేసరికి మధ్యాహ్నం. అనుపులో రంగస్థలం శిథిలాలు చూసి, ఎత్తిపోతల దగ్గర జలపాతం, మొసళ్లు చూస్తే సాయంత్రం. రాత్రికి ఉండాలంటే? చాలామంది డ్యామ్ దాటి అవతల హిల్ కాలనీకి పోతారు, లేదా తిరిగి హైదరాబాదు కారెక్కుతారు. కొలంబో నుంచి వచ్చిన భిక్షువుల బృందానికి వాళ్లు తినే భోజనం పెట్టి, రెండు రాత్రులు ఉంచి, అమరావతి దాకా తిప్పి చూపించే ఏర్పాటు ముందు ఉండాలి.

ఇక్కడ కుశీనగర్‌ని తలుచుకోకుండా ఉండలేం. బుద్ధుడు పరినిర్వాణం పొందిన చోటు. అంతకంటే పెద్ద కారణం ఇంకేముంటుంది? 2021 అక్టోబరు 20న అక్కడ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభించారు. కొలంబో నుంచి వందమందికి పైగా భిక్షువులతో తొలి విమానం దిగింది. దేశమంతా టీవీల్లో చూసింది. ఆ తర్వాత విదేశీ విమానాలు వరస కట్టలేదు. ఢిల్లీ నుంచి పెట్టిన సర్వీసు కూడా నిలకడగా సాగలేదు. అదే బీహార్‌లో గయకు, చలికాలం రాగానే బ్యాంకాక్ నుంచి, కొలంబో నుంచి విమానాలొస్తాయి. బుద్ధగయలో ఒక్కో దేశం వాళ్లు కట్టుకున్న మఠాలున్నాయి, వసతులున్నాయి, ఏళ్ల తరబడి అలవాటైన యాత్ర ఉంది. విమానం దాని వెనక వచ్చింది. కుశీనగర్‌లో విమానం ముందు వచ్చింది.

సాగర్‌కి నీళ్ల మీద దిగే విమానం సంగతి కూడా ఒకటుంది, మరచిపోయి ఉంటారు. 2019 జనవరిలో ఉడాన్ మూడో విడతలో నాగార్జునసాగర్ జలాశయాన్ని నీటి విమానాశ్రయంగా ఎంపిక చేశారు. హైదరాబాదు, విజయవాడలతో కలుపుతూ దారులు కేటాయించారు. అవి మొదలు కాలేదు. ఆ విడతలో ఎంపికైనవాటిలో ఎగిరింది గుజరాత్‌లో సబర్మతి నుంచి సర్దార్ విగ్రహం దగ్గరికి వెళ్లే సర్వీసు, 2020 అక్టోబరు 31న. అదీ కొన్ని నెలలకే ఆగింది. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ముఖ్యమంత్రి సీప్లేన్‌లో వెళ్లారు, ప్రయోగాత్మకంగా. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ సాగర్ నీటిమట్టం మన రైతులకు నోటికొచ్చు కదా. నిండితే 590 అడుగులు, కనీస మట్టం 510. ఎనభై అడుగుల తేడా. ఆగస్టులో ఒడ్డున కట్టిన జెట్టీ మే నెలలో ఎక్కడుంటుంది? తేలే జెట్టీలు ఉన్నాయి, చేయలేని పని కాదు. పక్కనే పులుల అభయారణ్యం, ఇటు భద్రత ఉన్న డ్యామ్, రెండు రాష్ట్రాల పోలీసులు. అనుమతులు తెచ్చుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

దాటాల్సిన గీత కూడా ఒకటి ఉంది. శంషాబాద్ విమానాశ్రయం కట్టిన కంపెనీతో అప్పట్లో చేసుకున్న ఒప్పందంలో, గాలిలో కొలిస్తే 150 కిలోమీటర్ల లోపల, 25 ఏళ్లపాటు, మరో విమానాశ్రయం పెట్టాలంటే వాళ్ల అంగీకారం ఉండాలని ఉంది. వరంగల్ మామునూరు విమానాశ్రయం ఆ గీత దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయింది, అంగీకారం వచ్చాక 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. సాగర్ కూడా ఆ గీత లోపలే పడుతుంది. శంషాబాద్ తెరిచింది 2008 మార్చిలో, అంటే గడువు 2033 దాకా ఉంటుంది. ఇది పెద్ద అడ్డంకి కాకపోవచ్చు, కానీ ఈ మాట ఎవరూ మాట్లాడటం లేదు.

మరి ఆ రన్‌వేని ఏం చేయాలి? నా మట్టుకు నాకు దాని ఖాళీయే ఒక ఆస్తి అనిపిస్తుంది. పైలట్ కావాలంటే 200 గంటలు ఎగిరిన అనుభవం ఉండాలి. రోజుకు పదిసార్లు దిగడం, మళ్లీ లేవడం, అదే పని. పెద్ద విమానాలు వరసలో ఉండే చోట ఆ అవకాశం దొరకదు. 2023లో మన దేశంలోని పెద్ద విమాన కంపెనీలు రెండు కలిపి దాదాపు వెయ్యి విమానాలు కొంటామని ఒప్పందాలు చేసుకున్నాయి. నడిపేవాళ్లు కావాలి. నేర్చుకోవడానికి పిల్లలు లక్షలు పోసి అమెరికా పోతున్నారు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ శిక్షణ సంస్థల కోసం ఎంపిక చేసిన చోట్లలో కడప ఉంది. విజయపురి సౌత్‌లో రెండు సీట్ల సెస్నా విమానాలు ఇప్పటికే ఎగిరాయి, సాగర్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఆ చప్పుడు అలవాటే.

అయితే అందులోనూ నిర్లక్ష్యం కుదరదు. 2022 ఫిబ్రవరి 26న అక్కడి నుంచే లేచిన శిక్షణ విమానం నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో కూలింది. ఒంటరిగా నడుపుతున్న యువతి చనిపోయింది. తమిళనాడు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న పిల్ల. శిక్షణకి అంటే పాత రన్‌వే చాలు, నాలుగు షెడ్లు చాలు అనుకుంటే అలాంటివి మళ్లీ జరుగుతాయి. వాతావరణం చెప్పే పరికరాలు, అగ్నిమాపక బండి, అంబులెన్సు, ప్రహరీ, పశువులు లోపలికి రాకుండా కంచె. ఇవన్నీ టెర్మినల్ ఖర్చులో కొంతకే వస్తాయి. రేపు పెద్ద విమానం వచ్చినా ఇవే కావాలి, వృథా పోవు.

దీంతో పాటు ఇంకొక్కటి అడగొచ్చు. మాచర్ల నుంచి నరసరావుపేట మీదుగా గన్నవరం విమానాశ్రయం గుమ్మం దాకా, విమానాల టైములు చూసుకుని నడిచే ఆర్టీసీ బస్సు. గురజాల, దాచేపల్లి మీదుగా శంషాబాద్ టెర్మినల్ దాకా ఇంకో బస్సు, డిక్కీలో 23 కిలోల సూట్‌కేసులు పట్టేది. వీటికి సాధ్యాసాధ్యాల నివేదిక అక్కర్లేదు. రెండు ఇన్నోవాల బదులు ఒక బస్సులో బంధువులందరూ పడతారు కూడా.

సాగర్ విమానాశ్రయం మీద సాధ్యాసాధ్యాల నివేదిక ఏదో ఒకరోజు బయటికి వస్తుంది. రన్‌వే పొడవు ఎంత, భూమి ఎన్ని ఎకరాలు, ఎవరి భూమి పోతుంది అన్నవాటి మీదే చర్చంతా సాగుతుంది. భూమి పోయేవాళ్లకు అది అడగక తప్పదు. మిగతావాళ్లు మాత్రం ప్రయాణికుల అంచనా ఉన్న పేజీ తిప్పండి. ఏటా ఎంతమంది వస్తారని రాశారు, ఆ అంకె ఎక్కడి నుంచి తెచ్చారు, ఏ కంపెనీ అయినా వస్తానని రాతపూర్వకంగా చెప్పిందా, మూడేళ్ల సాయం అయిపోయాక నాలుగో ఏటి లోటు ఎవరు కడతారు. మన ఎమ్మెల్యేని, ఎంపీని అడగాల్సినవి ఇవే. జవాబులు బాగుంటే, టెర్మినల్‌కి ఏ పేరు పెట్టాలన్న దాని మీద అప్పుడు తీరిగ్గా పోట్లాడుకుందాం. బ్రహ్మనాయుడి పేరా, నాగమ్మ పేరా అన్నదాని మీద పల్నాడులో పోట్లాటకు కొదవేముంది.